ఎడమ ఛాతీపై అనధికార కట్టడం

వేమపాలెం నర్సరీలో మామిడి అంట్లు కట్టే నూకరత్నం ఇంటి తలుపుకి ఒక సోమవారం పొద్దున్నే ఎవరో నోటీసు అంటించిపోయారు. ఆ వీధికి నోటీసులు కొత్తేమీ కాదు. పోరంబోకు జాగాలో వేసుకున్న ఇళ్లు కాబట్టి ఏడాదికో రెండేళ్లకో ఎవరో ఒకరు జీపులో వచ్చి, గోడలకేసి గుర్రుగా చూసి, కాయితం అంటించి, టీ తాగి వెళ్లిపోవడం మామూలే. అందుకని నూకరత్నం పెద్దగా కంగారు పడలేదు. చీపురు పక్కన పెట్టి, గుమ్మంలో నిలబడి, కూడబలుక్కుంటూ చదివింది.

"ఇందుమూలముగా తమరికి తెలియజేయునది ఏమనగా, తమరి ఎడమ ఛాతీ భాగమున, రొమ్ము ఎముక వెంబడి, నిలువు తొమ్మిది సెంటీమీటర్లు, అడ్డం రెండు సెంటీమీటర్ల కొలతలతో, ఆమోదిత ప్లానులో లేని అనధికార కట్టడము ఒకటి ఉన్నట్లు మా తనిఖీలో తేలినది. సదరు కట్టడమును తొలగించు నిమిత్తం తమరు పదిహేను రోజులలోగా పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్ వద్ద హాజరు కావలెను. లేనియెడల బలవంతపు తొలగింపు చేపట్టబడును."

రెండోసారి చదివాక నూకరత్నం చెయ్యి దానంతటదే పైటమీదకి వెళ్లింది. ఇల్లు పడగొట్టేస్తామని రాసినా బాగుండుననిపించింది. ఇల్లయితే మళ్లీ వేసుకోవచ్చు.

ఈ నోటీసు ఎలా పుట్టిందో తెలియాలంటే ముందు పురుషోత్తం గారి గురించి తెలియాలి. ఆయన పెద్దాసుపత్రికి పరిపాలనాధికారి. డాక్టరు కాదు. ఇరవై ఆరేళ్లపాటు మున్సిపాలిటీ టౌన్ ప్లానింగులో పనిచేసి, ప్లాను దాటిన మెట్లు, బాల్కనీలు, బాత్రూములు పడగొట్టించి, ఊళ్లో సగం మంది శాపనార్థాలూ మిగతా సగం మంది దండాలూ అందుకున్న మనిషి. ఆ దక్షత చూసి ముచ్చటపడ్డ పైవాళ్లు ఆయన్ని డెప్యుటేషను మీద ఆసుపత్రికి పంపారు. వచ్చిన మొదటి రోజే వార్డులన్నీ తిరిగి, మంచాలమీద మనుషుల్ని ఎగాదిగా చూసి, "వీళ్లందరికీ ప్లాను ఎక్కడ?" అని అడిగారట.

అడిగింది అధికారి కాబట్టి ఎవరూ నవ్వలేదు. నర్సింగు స్కూల్లో గోడకి వేలాడే పటం ఒకటి తెచ్చి చూపించారు. చర్మం ఒలిచేసి, ఎర్రటి కండలన్నీ కనిపించేలా చేతులు చాపి నిలబడ్డ మనిషి బొమ్మ అది. పురుషోత్తం గారు దానికి ఫ్రేము కట్టించి, ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, "ఆమోదిత ప్లాను" అని ముద్ర కొట్టించి గేటు దగ్గర పెట్టించారు. ఆ తర్వాత, మున్సిపాలిటీలో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ ప్రోగ్రాము ఒకటి తెప్పించి ఆసుపత్రిలో పెట్టించారు. ఎక్సురేలూ స్కానులూ అన్నీ అందులోనే ఎక్కించాలి. ఎక్కించాక రెండు గడులు వస్తాయి. ఒకటి "అనుమతి ఉన్న కట్టడం". రెండోది "అనధికార కట్టడం". రెండోది నొక్కితే నోటీసు దానంతటదే తయారై, చిరునామాతో సహా బయటికొస్తుంది. మూడో గడి లేదు. మున్సిపాలిటీ పుట్టినప్పటినుంచీ మూడో గడి అవసరం పడలేదని పురుషోత్తం గారు చెప్పారు.

మూడు వారాల కిందట నర్సరీకి ఆసుపత్రి వ్యాను వచ్చింది. నలభై దాటిన ఆడవాళ్లందరికీ రొమ్ముల ఎక్సురేలు తీశారు. నూకరత్నానికీ, పక్కింటి అచ్చియ్యమ్మకీ చెరో తెల్లటి మచ్చ కనిపించింది. ఇద్దరివీ గోడ కలిసిన ఇళ్లు, ఒకే మడిలో పని, పైగా పాతికేళ్లుగా ఒదినా అంటే ఒదినా అనుకునేవాళ్లు. ఎక్సురేలు చూసే డాక్టరు సౌదామిని ఇద్దర్నీ ఆసుపత్రికి రమ్మంది. నూకరత్నానికి వేరే కోణంలో మళ్లీ తీసింది. మచ్చ మాయమైంది. స్కాను కూడా చేసి, చూసి, నవ్వింది.

"నీకేం జబ్బు లేదు నూకరత్నం. ఇది గడ్డ కాదు, కండ. పెద్ద ఛాతీ కండమీద, చర్మం కింద, నిలువుగా బద్దలాగా ఉంది. వందమందిలో ఏ నలుగురైదుగురికో పుట్టుకతోనే వస్తుంది. తెలీనివాళ్లు ఫొటోలో చూసి గడ్డనుకుని హడలగొట్టేస్తారు. ఎవరైనా ఎప్పుడైనా నీకు గడ్డుందంటే ఈ మాట చెప్పు" అంది.

"మరేనండి. ఒక్కో మామిడి మొక్కకి ఓ కొమ్మ ఎక్కువొస్తాదండి. మేం దాన్నేమీ చెయ్యం, వదిలేస్తాం" అంది నూకరత్నం.

అచ్చియ్యమ్మ ఫొటో చూసినప్పుడు మాత్రం డాక్టరమ్మ నవ్వలేదు. ముక్క తీసి పరీక్షకి పంపాలనీ, ఆ తర్వాత గడ్డ తీసెయ్యాల్సి రావచ్చనీ మెల్లగా చెప్పింది. అచ్చియ్యమ్మ ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆవిడ తలుపుకీ అదే సోమవారం అదే నోటీసు అంటించారు. కొలతలే వేరు: ఒకటిన్నరకి ఒకటిన్నర.

నూకరత్నం నోటీసు తలుపునుంచి ఊడబీకి కొంగున కట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. సౌదామిని తల పట్టుకుంది.

"నేనేం చెయ్యనమ్మా? మొదటి గడి నొక్కితే 'ప్లానుతో సరిపోలలేదు' అని తిప్పికొట్టింది. ఆ పటంలో ఈ కండ లేదు మరి. నొక్కకపోతే తర్వాతి పేషెంటు పేరు రాదు. బయట అరవై మంది నిలబడ్డారు. రెండోది నొక్కి, కింద 'మామూలు కండ, ముట్టుకోవద్దు' అని రాశాను. అది కొలతలు మాత్రం ఉంచుకుని ఆ మాటలు మింగేసింది."

"పోనీ కోసే డాక్టరుగారికి చెప్పండమ్మా."

"చెప్పాను. ఆయనకి నెలకిన్ని తొలగింపులని లక్ష్యం పెట్టారు. 'ఉత్తర్వులో ఉన్నది తీసేస్తాను, లేనిది తియ్యను, నాకు తలనొప్పి వద్దు' అన్నాడు."

జబ్బు లేని ఒంటిని కోయించుకోవడం నూకరత్నానికి ఎంతమాత్రం ఇష్టం లేదు. పైగా ఛాతీ కోస్తే ఆ పక్క చెయ్యి ఆడదేమో, ఆ చెయ్యే ఆమెకి అన్నం పెడుతోంది. నోటీసు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, "అభ్యంతరములున్నచో విచారణకు హాజరు కావచ్చును" అని ఉంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని విచారణకి వెళ్లింది. తోడు సౌదామిని కూడా వచ్చింది.

విచారణ హాల్లో పెద్ద బల్ల వెనక పురుషోత్తం గారు, ఆయనకి అటూ ఇటూ ఐదుగురు సహాయకులు కూర్చున్నారు. బల్లమీద టేపు, ప్లాను నకలు, గాజు గ్లాసులో నీళ్లు ఉన్నాయి.

"సదరు కట్టడం కింద ఉన్న కండ ఎవరి పేరున ఉంది?" అన్నారు పురుషోత్తం గారు.

"అదీ ఈవిడదేనండి" అంది సౌదామిని.

"అయితే సొంత జాగాలోనే లేపింది. ఆక్రమణ కాదు, అతిక్రమణ మాత్రమే. రాసుకోండి. ఎడమ వైపు కదా, గుండెకీ కట్టడానికీ మధ్య ఎంత జాగా వదిలారు?"

"మధ్యలో పక్కటెముకలున్నాయండి."

"ప్రహరీ గోడ కలదు. రాసుకోండి. ఇంతకీ దీని ప్రయోజనం ఏమిటి?"

సౌదామిని నిజం చెప్పే మనిషి. "దీని పని ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా చెప్పలేదండి. ఉన్నందువల్ల నష్టం లేదు, లేనందువల్ల లోటూ లేదు."

"ఏ పని చేస్తోందో ఎవరికీ తెలియకుండా, ఇన్నేళ్లుగా ఒకే చోట, ఎవరి అనుమతీ లేకుండా కూర్చుని ఉందన్నమాట!" పురుషోత్తం గారి గొంతు లేచింది. "ఇటువంటి వాటిని ఉపేక్షించడం పరిపాలనకే మచ్చ." ఐదుగురు సహాయకులూ ఒక్కసారిగా ఫైళ్లలోకి తలలు దూర్చారు.

"సార్, దీన్ని తియ్యడం కాదు, దీని గురించి తెలుసుకోవడం ముఖ్యం" అని సౌదామిని మొదలుపెట్టింది. "కండకీ గడ్డకీ తేడా పోల్చడమే మా పని. గడ్డయితే తియ్యాలి, కండయితే వదిలెయ్యాలి. ఆ ప్లానులో దీన్నొక్కదాన్నీ చేరిస్తే..."

"డాక్టరు గారూ, ప్లానుని బట్టి కట్టడం ఉండాలి కానీ కట్టడాన్ని బట్టి ప్లాను ఉండదు. ప్లాను సవరించాలంటే రాజధానికి రాయాలి. కండ, గడ్డ అని మీరు పెట్టుకున్న పేర్లతో కార్యాలయానికి సంబంధం లేదు. ప్లానులో ఉన్నదా, లేనిదా? అంతే." ఆయన నూకరత్నం వైపు తిరిగారు. "అమ్మా, ఇది ఎప్పుడు కట్టారు?"

నూకరత్నానికి ఒళ్లు మండింది. "నేను కట్టడవేంటండి? మా అమ్మ కడుపులోంచి వచ్చినప్పుడే ఉందండి."

"సంవత్సరం?"

"డెబ్బై ఎనిమిదండి. తుఫానొచ్చిన మరుసటేడు."

పురుషోత్తం గారి ముఖం వెలిగిపోయింది. ఇరవై ఆరేళ్ల సర్వీసు ఆ ముఖంలో కదిలింది. "ఎనభై ఐదు జనవరి ఒకటికి ముందుది! అటువంటి కట్టడాలకి క్రమబద్ధీకరణకి అర్హత ఉంది! ఆ సదుపాయం ఇక్కడెవరూ ప్రవేశపెట్టలేదేం?" అని సహాయకులమీద విరుచుకుపడ్డారు.

పది రోజుల్లో ఆసుపత్రి ఆవరణలో షామియానా లేచింది. "ఛాతీ క్రమబద్ధీకరణ మేళా" అని బ్యానరు కట్టారు. ఎక్సురేలో మచ్చ కనిపించిన వాళ్లంతా, తమ కట్టడం ఎనభై ఐదుకి ముందుదేనని సొంత పూచీమీద రాసిచ్చి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టిస్తే చాలు. అక్కడికక్కడే లామినేషను చేసిన ధ్రువపత్రం ఇస్తారు. కొలతలు తీసేందుకు మనుషులు చాలక సౌదామినిని ఎక్సురే గదిలోంచి లాగి టేపిచ్చి టెంటు కింద నిలబెట్టారు. ఆవిడ నాలుగో రోజునుంచి సెలవు పెట్టేసింది.

ధ్రువపత్రం చేతికొచ్చిన రోజు నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. అచ్చియ్యమ్మ కూడా మేళాకి వచ్చింది. కోత తప్పుతుందన్న ఆశ ఎవరికుండదు? "నాది కూడా ఎప్పట్నుంచో ఉన్నదేనే రత్నం, ఓ సంతకం పెట్టు" అని కాగితం ముందుకి తోసింది. నూకరత్నం ఆ సంతోషంలో ముందూ వెనకా చూడకుండా సాక్షి సంతకం పెట్టేసింది. ఇద్దరూ దారిలో జిలేబీ కొనుక్కుని తిన్నారు. అచ్చియ్యమ్మ తన పత్రాన్ని దేవుడి పటాల పక్కన మేకుకి తగిలించింది.

నెల తిరిగింది. ఒక పొద్దున మొక్కల ట్రేలు ఎత్తుతూ అచ్చియ్యమ్మ "అమ్మా" అని కూలబడింది. చంకలోంచి చెయ్యి లాగుతోందంది. నూకరత్నం ఆవిణ్ని పాక వెనక్కి తీసుకెళ్లి, రవిక వదులు చేసి, వేళ్లతో తడిమింది. ఆ వేళ్లు ముప్పై ఏళ్లుగా అంట్లు కట్టిన వేళ్లు. ఏ ముడి అతుక్కుందో, ఏ ముడి లోపల కుళ్లుతోందో కళ్లు మూసుకుని చెప్పగలవు. తన ఛాతీమీది కండ చేతికి అందనే అందదు, మెత్తగా పరుచుకుని ఉంటుంది. ఇది చింతగింజలా గట్టిగా, కదలకుండా, లోపల పాతుకుని ఉంది.

నూకరత్నానికి సంతకం పెట్టిన చెయ్యి విరిచేసుకోవాలనిపించింది.

"ఒదినా, ఇది నాదాంటిది కాదే. డాట్రుగారు తియ్యాలని చెప్పింది ఇందుకేనే. పద ఆసుపత్రికి."

అచ్చియ్యమ్మ రవిక సర్దుకుంటూ లేచింది. "గవర్నమెంటోళ్లు ఉంచుకోమని ముద్రకొట్టి ఇచ్చేరు. నీదుంచుకుని నాది కోయించమంటావా? నాకూ కాయితం వచ్చిందని కడుపు మంటా నీకు?" అంది. ఎంత చెప్పినా వినలేదు. పైగా ఆ సాయంత్రంనుంచి మాటలు మానేసింది.

నూకరత్నం ఒక్కతే వెళ్లి, సెలవునుంచి తిరిగొచ్చిన సౌదామిని ముందు బావురుమంది. సౌదామిని బల్లసొరుగులోంచి మూడు కాగితాలు తీసి చూపించింది. అన్నీ అచ్చియ్యమ్మ గురించి ఆవిడ రాసిన ఉత్తరాలే. అన్నిటికీ ఒకటే జవాబు: "సదరు కట్టడము సక్రమమైనదని ధ్రువీకరించబడినది. సక్రమ కట్టడమును తొలగించుట శిక్షార్హము."

"ముందేమో రెండూ తీసెయ్యమన్నారు. ఇప్పుడు రెండూ ఉంచెయ్యమంటున్నారు. కండేదో గడ్డేదో చూడమంటే మాత్రం వినేవాళ్లు లేరు" అంది సౌదామిని. ఆ గొంతులో కోపానికి కూడా ఓపిక మిగల్లేదు.

నూకరత్నం కళ్లు తుడుచుకుంది. పోరంబోకులో బతికేవాళ్లకి ఈ లెక్కలు డాక్టర్లకంటే బాగా తెలుసు. "అమ్మా, మా వీధిలో ఓ ఆయన ఇల్లు సక్రమం అయ్యేక వసారా ఓ గజం ముందుకి జరిపేడండి. పక్కింటోళ్లు అర్జీ పెట్టేరు. మొత్తం పడగొట్టించేరు. ఇది పెరుగుద్దాండి?"

సౌదామిని కుర్చీ ముందుకి లాక్కుంది. "పెరుగుతుంది. ఈపాటికి పెరిగే ఉంటుంది."

"మరి నాది?" అని అడగాల్సిన పని నూకరత్నానికి లేదు. తన కండ పుట్టినప్పటినుంచీ బుద్ధిగా ఉన్నచోటే ఉంది. ఆ మధ్యాహ్నమే, గోడ కలిసిన ఇంటి సరిహద్దుదారు హోదాలో, నూకరత్నం అర్జీ పెట్టింది. అచ్చియ్యమ్మ సక్రమం చేయించుకున్న కొలతలు దాటి కట్టడాన్ని పెంచుతోందనీ, చర్య తీసుకోవాలనీ రాయించింది.

పురుషోత్తం గారు మండిపడ్డారు. "ప్రభుత్వ ఔదార్యాన్ని ఇంత బాహాటంగా దుర్వినియోగం చేస్తారా?" ఆరోజే జీపు కదిలింది. కొలిచారు. ఒకటిన్నర రెండయింది. ధ్రువపత్రం రద్దు, తక్షణ తొలగింపు. వీధి వీధంతా గుమిగూడింది. నోటీసు తలుపుకి అంటించారు. దాని అడుగున, ఫిర్యాదుదారు అన్నచోట, నూకరత్నం పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

అచ్చియ్యమ్మ జీపెక్కుతూ నూకరత్నం గుమ్మంలోకి దుమ్మెత్తి పోసింది. "నీ చేత్తో సంతకం పెట్టి నీ చేత్తోనే తీయించేవు కదే! నువ్వు బాగుపడవే!" నూకరత్నం తలుపు చాటున నిలబడి ఏడ్చింది కానీ బయటికి రాలేదు. వస్తే అర్జీ వెనక్కి తీసుకుంటాననేస్తానేమోనని తనమీద తనకే భయం.

ముక్క పరీక్షలో అది మంచి గడ్డ కాదని తేలింది. సమయానికి వచ్చిందనీ, ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదనీ సౌదామిని అచ్చియ్యమ్మకి మంచం పక్కన కూర్చుని చెప్పింది. నూకరత్నం ఆ అర్జీ ఎందుకు పెట్టిందో కూడా చెప్పింది. అచ్చియ్యమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కంప్యూటర్లో మాత్రం "కట్టడం తొలగింపు పూర్తి, స్థలం స్వాధీనం" అని నమోదయింది. జాగరూకురాలైన పౌరురాలిగా నూకరత్నానికి శాలువా కప్పాలని పురుషోత్తం గారు తీర్మానించారు.

శాలువాకంటే ముందు నోటీసు వచ్చింది.

"తమరి ఎడమ ఛాతీపై గల క్రమబద్ధీకరించిన కట్టడమును కొలతలు దాటి పెంచుచున్నట్లు సరిహద్దుదారు శ్రీమతి అచ్చియ్యమ్మ ఫిర్యాదు చేసియున్నారు..." తారీఖు చూస్తే జీపెక్కిన రోజుదే. దారిలో జీపాపించి, కోపంకొద్దీ, అచ్చియ్యమ్మ ఫిర్యాదు రాయించి వేలిముద్ర వేసిపోయింది.

కొలతల రోజున నూకరత్నం విచారణ హాలు బయట బెంచీమీద కూర్చుంది. ఎవరో పక్కన వచ్చి కూర్చున్నట్టయి తిరిగి చూసింది. అచ్చియ్యమ్మ. పైట కింద కట్టు, చేతిలో మందుల సంచీ, మొహం పీక్కుపోయి ఉంది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని పొద్దున్నే వచ్చి అడిగేనే" అంది నేలచూపులు చూస్తూ. "దానికి గడి లేదంట."

నూకరత్నం అచ్చియ్యమ్మ చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

లోపల్నుంచి పేరు పిలిచారు. ఫిర్యాదుదారు ఎదుటే కొలవాలన్న నిబంధన ఉండడంతో ఇద్దరూ కలిసే లోపలికి వెళ్లారు. తెర వెనక నర్సు టేపు పట్టుకుని నూకరత్నం రొమ్ము ఎముక పక్కన ఆనించింది. తెర ఇవతలినుంచి పురుషోత్తం గారు గట్టిగా అడిగారు: "ఆమోదించినది తొమ్మిది. ఇప్పుడెంత?"

ఫిర్యాదుదారు అచ్చియ్యమ్మ ఒంగి, నూకరత్నం చెవిలో గుసగుసగా అంది: "ఊపిరి తీసుకోకే రత్నం, పెరుగుద్ది."